శుక్రవారం శత్రువులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటుందని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. వయసు ఇరవై రెండు. మెడలో తాడుకి వేలాడే ఐడీ కార్డు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, బిర్యానీ హోటల్ పైన మూడో అంతస్తులో ఉన్న ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌లో కౌన్సెలర్ ఉద్యోగం. ఊళ్ల నుంచి బస్సు దిగి, చంకలో సర్టిఫికెట్ల ఫైలు పెట్టుకుని, వెనకాల నాన్ననో మామనో వెంటేసుకుని వచ్చే డిగ్రీ పిల్లలకు ఏ కోర్సు చేస్తే బతుకు బాగుపడుతుందో చెప్పడం నా పని. (ఆ కోర్సుల్లో ఒక్కటి కూడా నేను చేయలేదు. ఎవరూ అడగనూ లేదు.) రోజుకు పదిమంది భవిష్యత్తు తేల్చిపారేసి సాయంత్రం ఇంటికొచ్చినా ఆ ఊపు తగ్గేది కాదు. పప్పులో ఉప్పెంత వేయాలో మా అమ్మకీ, మార్కెట్‌కి ఏ సందులోంచి పోతే దగ్గరో మా నాన్నకీ కూడా కౌన్సెలింగ్ ఇచ్చేదాన్ని. ఇంట్లో అందరూ వినేవారు, ఒక్కరూ చేసేవారు కాదు. అటువంటి నన్ను జానెడు జానెడు ఉన్న రెండు ప్రాణులు ఒక్క చలికాలంలో దారికి తెచ్చాయి.

మా ఆఫీసులో అడ్మిషన్ ఫారాలు చూసే ఆవిడను మేమంతా క్వయర్ ఆంటీ అనేవాళ్లం. ఆదివారం చర్చిలో పాడబోయే పాటలన్నీ సోమవారం నుంచి శనివారం దాకా మా చెవుల మీద సాధన చేసేది. మనసు మాత్రం వెన్న. ఆవిడ కూతురికి నర్సింగ్‌లో సీటొచ్చి హాస్టల్‌కి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి పెంచుకుంటున్న రెండు గినీ పిగ్‌లకు మాత్రం హాస్టల్‌లో సీటు రాలేదు. ఇంట్లో ఉంచుకుందామంటే అవి తినే ఎండుగడ్డి వాసనకు అంకుల్‌కు ఆయాసం. ఒకరోజు లంచ్ బాక్సు తెరవకుండా ఆంటీ కళ్లనీళ్లు పెట్టుకుంటే, నా నోరు ఊరుకుందా? "నేను చూసుకుంటా ఆంటీ, గిదేం పెద్ద పని" అనేశాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. "ఇద్దర్నీ విడదియ్యకు బిడ్డా. ఒక్క కాన్పుల పుట్టిన అన్నదమ్ములు. క్రిస్మస్ సెలవులకు నా బిడ్డ ఒస్తది. ఒచ్చినప్పుడు ఇద్దరూ ఒక్క దగ్గర్నే కనపడాలె. ఒక్కడు లేకపోయినా నా బిడ్డ తట్టుకోదు" అంది. నేను ఐడీ కార్డు సవరించుకుని మాట ఇచ్చేశాను.

మాది గడ్డిఅన్నారం వెనక సందులో రెండు గదుల కిరాయి పోర్షన్. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి మా నాన్న అప్పట్లో పండ్ల మార్కెట్‌లో పనిచేసేవాడు (మార్కెట్ ఇంకా అక్కడే ఉండేది, మా ఇంట్లో కాలాన్ని బట్టి మామిడి వాసనో బత్తాయి వాసనో వచ్చేది). ఇంట్లో నాన్న, అమ్మ, నానమ్మ, నేను. అందులో అమ్మ గురించి ఒక్క ముక్క చెప్పాలి. మా అమ్మకు శుభ్రం ఒక అలవాటు కాదు, అదొక నిష్ఠ. మిగతా రోజుల్లో మామూలు శుభ్రం. శుక్రవారం వచ్చిందంటే తెల్లారకముందే కొంగు బిగించి ఇల్లంతా తలకిందులు చేసేది. గడపకు పసుపు, గచ్చుకు ఫినాయిలు, దుప్పట్లు, కర్టెన్లు, కాళ్లు తుడుచుకునే పట్టాలు అన్నీ ఉడుకు నీళ్లలో. కదిలేదల్లా బాల్కనీలోకి పోయి, కడిగించుకుని, ఎండి, ఇంకో చోటుకి వచ్చి చేరేది. కదలనివాళ్లం మేం కాళ్లు పైకెత్తుకుని కూర్చునేవాళ్లం.

పంజరం తెచ్చి ముందు గదిలో కుట్టుమిషన్ పక్కన పెట్టగానే నానమ్మ కళ్లద్దాలు తుడుచుకుని వంగి చూసింది. "ఏందే గివి? తోకలు లేని ఎలుకలా?" అంది. కాదు నానమ్మా, బన్ను, బిస్కెట్ అని పేర్లు చెప్పాను. ముదురు గోధుమరంగుది బన్ను, కాస్త బొద్దు. తెలుపు మీద లేత మచ్చలున్నది బిస్కెట్. నానమ్మ ఆ పేర్లు పట్టించుకోలేదు. "పెద్దోడు, చిన్నోడు" అని అప్పటికప్పుడు నామకరణం చేసేసింది. అమ్మ ముక్కు మీద కొంగు పెట్టుకుని, "ఉచ్చ పోస్తయా?" అని ఒక్కటే అడిగింది. పోస్తాయని చెప్పాను. అమ్మ ముఖం చూసి నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అయినా మూడు రోజుల్లో ఇల్లంతా వాటి చుట్టూ చేరింది. కొత్తిమీర కవరు చప్పుడైతే చాలు, రెండూ ముందు కాళ్లెత్తి నిలబడి కుయ్ కుయ్‌మని ఇల్లెగిరిపోయేలా అరిచేవి. నాన్న మార్కెట్ నుంచి రాగానే చెప్పులు విడవకముందే జామకాయ ముక్క కోసేవాడు. రెండూ ఒకే పాత లుంగీ గుడ్డ మీద ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి. ఆఫీసులో క్వయర్ ఆంటీకి రోజూ ఫోన్‌లో ఫొటోలు చూపించి, నా పెంపకాన్ని నేనే మెచ్చుకునేదాన్ని.

మొదటి శుక్రవారం సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి ముందు గదిలో పంచాయితీ నడుస్తోంది. పంజరంలో బన్ను ఒళ్లంతా ఉబ్బించుకుని, నడుం అటూ ఇటూ తిప్పుతూ, గుర్ర్‌మంటూ తిరుగుతోంది. బిస్కెట్ మూలకు నక్కి పళ్లు టకటకలాడిస్తోంది. మధ్యమధ్య ఒకదాని మీదికి ఒకటి ఎగురుతున్నాయి. "పొద్దుగాల్నుంచి గిదే లొల్లి. నా పానం పరేషాన్ అయితుంది" అంది అమ్మ. నేను స్టూలు లాక్కుని పంజరం ముందు కూర్చుని, ఆఫీసులో తండ్రీ కొడుకులకు సర్ది చెప్పే గొంతుతో మొదలుపెట్టాను. చూడండి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉంది, కలిసి ముందుకెళ్లాలి, అన్నాను. (నిజంగానే అన్నాను. ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.) బన్ను నా వైపు తిరిగి చూసి, పోయి బిస్కెట్ వీపు మీద ఒక్కటి పీకింది.

నానమ్మ నన్ను పక్కకు జరిపింది. "నీతోని కాదు గానీ జరుగు. నా కొడుకులిద్దరు చిన్నప్పుడు కొట్లాడితే నేనేం జేసేదాన్నో ఎరుకేనా? ఒక్క తల్లెల అన్నం కలిపి, ఎదురుబొదురు కూసోబెట్టి తినిపిచ్చేదాన్ని. గాడికే లొల్లి బంద్" అని, రెండు గిన్నెల్లో ఒకటి తీసేసి, మిగిలిన ఒక్క పళ్లెంలో కొత్తిమీరంతా కుప్ప పోసింది. మా ఇంట్లో అది పెద్ద శాస్త్రం. మా నాన్నా, బాబాయీ ఈరోజుకీ పెళ్లిళ్లలో పక్కపక్కనే కూర్చుని తింటారంటే దాని ప్రభావమే. బన్ను మాత్రం మా వంశం కాదు. పళ్లెం మధ్యలో కూర్చుని మొత్తం తనే తిని, బిస్కెట్ దగ్గరికొస్తే పళ్లు చూపించింది. నానమ్మ ఆశ్చర్యపోయింది. "ఓయమ్మో, వీడు మీ బాబాయి లెక్కనే ఉన్నడు" అంది. నాన్న పేపరు వెనక నుంచి, "నాకు అన్నం దొరకకపోయేది, గప్పుడు ఎవ్వరు చూడలే" అన్నాడు. ఆ రహస్యం ముప్పై ఏళ్ల తర్వాత ఆ గినీ పిగ్‌ల పుణ్యాన బయటపడింది.

మర్నాటికి కాస్త చల్లబడ్డాయి. కానీ వచ్చే శుక్రవారానికి మళ్లీ అదే పాట. ఆఫీసులో క్వయర్ ఆంటీకి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ అమాయకంగా, "మా ఇంట్ల ఒక్కనాడు కొట్లాడలే బిడ్డా. మీ ఇంట్ల ఏమన్న పడతలేదేమో" అంది. ఆ మాటను నేను ఇంటికి మోసుకొచ్చి అమ్మకు అప్పజెప్పాను. నా బుద్ధి అప్పటికి అంతే. అమ్మ ముక్కుపుటాలు అదిరాయి. "మా ఇంట్ల పడకనా? ఏం గలీజున్నదట మా ఇంట్ల?" అని అప్పటికప్పుడు పంజరాన్ని బాత్రూంలోకి లాక్కుపోయి మరోసారి తోమింది. ఆ తర్వాత గొడవ వచ్చిందంటే చాలు, పై శుక్రవారం అమ్మ ఇంకాస్త ఎక్కువ కడగడం మొదలుపెట్టింది. గుడ్డలు సోడా వేసి ఉడకబెట్టింది. ఆ కడుగుడు చూసి నేను అమ్మను మెచ్చుకున్నాను కూడా.

చివరికి మామిడి పండ్ల అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, ఇద్దర్నీ అందులో కూర్చోబెట్టి, ఆటోలో ఎల్బీనగర్‌లో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, నిదానస్తుడు. ఇద్దర్నీ తిరగేసి చూసి, "రెండూ మగవేనామ్మా?" అన్నాడు. అవునండీ, అన్నదమ్ములండీ అన్నాను, అదేదో వాటికి సర్టిఫికెట్ అయినట్టు. "అన్నదమ్ములైతే మరీనూ" అని నవ్వాడు. "చూడమ్మా, వీటికిప్పుడు కుర్రతనం. ఇద్దరిలో పెద్దెవరో తేలేదాకా గుర్రుమంటాయి, నడుం తిప్పుకుంటూ తిరుగుతాయి, దానికి కంగారు పడక్కర్లేదు. కానీ ఒక్క గిన్నె పెట్టి పంచుకోమంటే ఎలాగండీ? ఏదైనా రెండేసి ఉండాలి. గిన్నెలు రెండు, నీళ్ల సీసాలు రెండు, దూరంగా రెండు ఇళ్లు. ఆ ఇళ్లకి కూడా రెండేసి గుమ్మాలు, ఒకడు ఇటు నుంచి వస్తే రెండోవాడు అటు నుంచి జారుకోడానికి. ఈ పంజరం చాలదు, చోటు పెంచండి. రక్తం వచ్చేలా కొట్టుకుంటే మాత్రం విడదీయాల్సిందే, వేరే దారి లేదు." అని చేతులు కడుక్కుంటూ, "శుభ్రంగా ఉంచుతున్నారా?" అనడిగాడు. నేను ఛాతీ విరుచుకుని, "మా అమ్మ అద్దంలా ఉంచుతుందండీ" అన్నాను. "వెరీ గుడ్" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మా అమ్మ అద్దం ఏ స్థాయిదో ఆయనకేం తెలుసు?

ఇంటికొచ్చి నాన్నను పట్టుకుని మార్కెట్ నుంచి మంచి గట్టి అట్టపెట్టెలు తెప్పించాను. పంజరం తలుపు తీసేసి, చుట్టూ పాత ప్లాస్టిక్ క్రేట్లు కట్టి, కుట్టుమిషన్ నుంచి దివాన్ దాకా ఒక వాడ కట్టాం. రెండు పెట్టెలు రెండిళ్లు, ఒక్కోదానికి రెండేసి గుమ్మాలు. "మనకే లేదు రెండో దర్వాజ" అంది నానమ్మ. ఒక మూల బన్నుకు కొత్తిమీర, ఇంకో మూల బిస్కెట్‌కు కొత్తిమీర, ఒకే క్షణంలో పెట్టాలి, అందుకని ఒక వైపు నేను, ఒక వైపు నాన్న వంగి నిలబడి, నానమ్మ "ఊఁ" అనగానే వదిలేవాళ్లం. అద్భుతం జరిగింది. శనివారం శాంతి. ఆదివారం శాంతి. మంగళవారానికి రెండూ ఒకే పెట్టెలో దూరి, ఇద్దరి మూతులూ ఒకే గుమ్మంలోంచి బయటపెట్టి పడుకున్నాయి. నేను ఆఫీసులో కాలర్ ఎగరేశాను. ఒక నల్లగొండ కుర్రాడికి డేటా సైన్స్ గురించి చెబుతూ చెబుతూ ఏదైనా రెండేసి ఉండాలని కూడా చెప్పేశాను. పాపం, ఆ పిల్లవాడు రెండు కోర్సుల్లో చేరాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం అమ్మ నుంచి ఫోనొచ్చింది. అమ్మ ఆఫీసు టైంలో ఫోన్ చేయదు. "జర బిరాన రావే. చిన్నోని చెవు చీరింది. రక్తం కారుతుంది" అంది. పరుగున పోయేసరికి నానమ్మ ఒళ్లో పాత తువ్వాలలో చుట్టి బిస్కెట్ ఉంది. చెవి అంచు చిరిగింది. చిన్న గాయమే, కానీ ఆ బుల్లి ఒళ్లు వణుకుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. బన్ను పెట్టెలో దాక్కుని బయటికి రాలేదు. అమ్మ గోడకానుకుని కూర్చుంది. "ఇంట్ల శుక్రారం పూట రక్తం కండ్ల చూసిన. ఇగ నాతోని కాదు. ఇంకోపాలి గిట్ల అయితే ఒకటి పోవాల్సిందే" అంది. నాన్నకు మార్కెట్‌లో తెలిసినాయన ఒకడున్నాడు, మీర్‌పేట్‌లో మిద్దె మీద కుందేళ్లు పెంచుతాడు. ఒక్కదాన్ని తీసుకుంటాను, రెండో దానికి చోటు లేదని ఆయన అదివరకే చెప్పాడట. రెండు వారాలాగి ఆదివారం రమ్మని అమ్మ కబురు కూడా పెట్టించేసింది. రెండు గదుల ఇంట్లో రెండో వాడ కట్టడానికి నేల లేదు. విడదీస్తే ఒకడు పోవడమే. క్రిస్మస్‌కి మూడు వారాలుంది. క్వయర్ ఆంటీ పట్టుకున్న నా రెండు చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాను.

గొడవ జరిగిన రోజున గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో ఇంటూ గుర్తు పెట్టడం నాకు అలవాటైంది. ఆదివారం పొద్దున నానమ్మ ఏకాదశి ఎప్పుడో చూసుకోవడానికి క్యాలెండర్ దగ్గరికెళ్లి, కళ్లద్దాలు పైకి నెట్టి, "ఏందే, అన్నీ శుక్రారమే గీతలు గీసినవ్? నాకు ఉపాసాలు పెంచుతున్నవా?" అంది. వెళ్లి చూస్తే నిజమే. ఇంటూలన్నీ 'శుక్ర' అని రాసిన ఒక్క వరుసలోనే ఉన్నాయి. నేను పెట్టిన గుర్తులే, నేనే చూడలేదు. అమ్మకు చెమటలు పట్టాయి. దిష్టన్నారు, గ్రహమన్నారు. నానమ్మ గుప్పెట్లో ఉప్పు పట్టుకుని వాటి చుట్టూ తిప్పబోతే, అదేదో తినేదనుకుని రెండూ కుయ్‌మంటూ నిలబడ్డాయి. నేను మాత్రం ఆ వచ్చే శుక్రవారం ఆఫీసుకి సెలవు పెట్టాను. ఉద్యోగంలో చేరాక అదే మొదటి సెలవు. కడుపునొప్పి అని చెప్పాను.

శుక్రవారం తెల్లవారుజామున దివాన్ మీద కాళ్లు మడుచుకుని కూర్చుని, ఇంట్లో ఏం జరుగుతుందో మొదటిసారి కళ్లు తెరిచి చూశాను. అమ్మ కొంగు బిగించింది. గడప అయింది, గచ్చు అయింది. తర్వాత వాడ దగ్గరికొచ్చింది. బన్నునూ బిస్కెట్‌నూ బుట్టలో వేసింది. గుడ్డలు తీసి బకెట్లో పడేసింది. అట్టపెట్టెలు మడిచి బయట పారేసింది. క్రేట్లకు ఫినాయిలు, మళ్లీ నీళ్లు, మళ్లీ ఫినాయిలు. గిన్నెలు చింతపండుతో తోమింది. కొత్త పెట్టెలు, కొత్త గుడ్డలు, అన్నీ పోయినవారం ఉన్న చోట కాకుండా ఇంకో చోట సర్ది, "ఇగో, ఎంత ముద్దుగున్నదో సూడు" అని ఇద్దర్నీ వదిలింది. బన్ను రెండడుగులు వేసి ఆగింది. గాలి వాసన చూసింది. పెట్టెను చూసింది, గుడ్డను చూసింది, తమ్ముణ్ని కూడా కొత్తవాణ్ని చూసినట్టు చూసింది. తర్వాత ఒళ్లు ఉబ్బించి నడుం తిప్పుకుంటూ గుర్ర్‌మంది. సరిగ్గా అప్పుడే స్నానం చేసి బయటికొచ్చిన నాన్న, ఒంటి మీద నీళ్లు కారుతుండగా, గది మధ్యలో నిలబడి అరిచాడు. "నా తువ్వాల ఏడున్నదే? దండెం ఎవడు జరిపిండు? ప్రతి శుక్రారం గిదే లొల్లి నాకు!" నానమ్మ తన మందుల డబ్బా కోసం వెతుక్కుంటూ నాన్న మీద ఒంటికాలి మీద లేచింది. నేల మీద వాళ్లిద్దరూ, పైన వీళ్లిద్దరూ. నేను మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టి బిస్కెట్‌ను కాపాడుతూ, నోరు తెరుచుకుని అందర్నీ చూశాను.

డాక్టరుకు ఫోన్ చేసి అమ్మ చేసే పని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "అన్నీ ఒకేసారి కడిగేస్తారామ్మా? ప్రతి వారమూ?" అన్నాడు. "అయ్యో తల్లీ, వాటికి ఇల్లంటే వాటి వాసనేనమ్మా. ఎవరి మూల ఏదో ఆ వాసనతోనే తేల్చుకుంటాయి. అది మొత్తం కడిగేస్తే మళ్లీ మొదటి నుంచి పంపకాలు పెట్టుకోవాలి కదండీ. శుభ్రం చేయండి, కానీ ఎప్పుడూ ఒకటి రెండు పాత గుడ్డలు, ఒక పాత పెట్టె అలాగే వదిలేయండి. చోట్లు మార్చకండి." ఫోన్ పెట్టేశాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జబ్బు దొరికింది. కానీ ఆ మందు వేయాల్సింది గినీ పిగ్‌లకు కాదు, మా అమ్మకు.

ఆ సాయంత్రం నా కౌన్సెలింగ్ జీవితంలోకెల్లా కష్టమైన కేసు మొదలైంది. అమ్మ విన్నది. మొత్తం విన్నది. "అంటే, నేను శుక్రారం పూట దేవునికి దీపం పెట్టుకుంట, పక్కపొంటి ఉచ్చ గుడ్డ పెట్టుకోవాల్నా?" అంది. శాస్త్రం చెప్పాను, డాక్టరు మాట చెప్పాను, క్వయర్ ఆంటీ కూతురి సంగతి చెప్పాను. "నా శుభ్రం తప్పంటవ్. ముప్పై ఏండ్లు ఒళ్లు హూనం చేసుకుని కడిగింది తప్పంటవ్" అని అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు నాన్న పేపరు కింద పెట్టాడు. "గది కాదే. గా జీవాలు నోరు లేనివి. నాకు నోరున్నది గద, నేను చెప్తున్న. ముప్పై ఏండ్ల సంది శుక్రారం ఒస్తే నా ఇల్లు నాకు దొరుకుతలేదు. నాకే గిట్లుంటే, వానికెట్లుంటది చెప్పు?" అన్నాడు.

అమ్మ చాలాసేపు ఉతుకుదామని వాడలోంచి తీసిన గుడ్డను మడతపెట్టింది, విప్పింది. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, "నేను పెండ్లయి గీ ఇంటికొచ్చినప్పుడు మా అమ్మ కట్టి విడిచిన చీర ఒకటి పెట్టె అడుగున పెట్టుకొచ్చిన. ఏడాది దాంక ఉతకలే. మీ నానమ్మ ఇయ్యాల్టి దాంక అడగలే" అంది. నానమ్మ తల ఊపింది. "నాకెరుకే. వాసన చూసుకుంట ఏడ్సేదానివి. అందుకే గా పెట్టె జోలికి పోలే" అంది. అమ్మ లేచి, గుడ్డను ఉతక్కుండానే వాడలో బన్ను మూల పరిచి, "ఒక్క గుడ్డ. ఒక్క పెట్టె. గంతే. ఇంకోటి అడిగితే ఊకోను" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. నా మాటలకు కాదు అమ్మ ఒప్పుకుంది. ఆ సంగతి నాకు అప్పుడే అర్థమైంది.

పరీక్ష ఆ తర్వాతి శుక్రవారం. మీర్‌పేట్ ఆయన ఆదివారం వస్తాడు. నేను రెండో కడుపునొప్పి పెట్టాను. అమ్మ ఇల్లంతా కడిగింది, వాడ దగ్గరికొచ్చింది. సగం గుడ్డలు తీసింది. మిగతా సగం వైపు చేయి పోయింది, ఆగింది, మళ్లీ పోయింది. "అమ్మా" అన్నాను. "ఎరుకలేవే" అని కసురుకుని, ఆ పాత గుడ్డ మీద ఉన్న రెండు గడ్డిపోచలు మాత్రం ఏరుకుని లేచింది. ఇద్దర్నీ వదిలాం. నలుగురం కింద కూర్చున్నాం. బన్ను వాసన చూసింది. పాత గుడ్డ దొరికింది. దాని మీద మూతి రుద్దింది, ఒక్కసారి ఊరికే గుర్ర్‌మంది, పాత బాకీ గుర్తు చేసినట్టు. బిస్కెట్ పక్క గుమ్మంలోంచి జారుకుని చుట్టూ తిరిగొచ్చి, అదే గుడ్డ మీద ఇంకో మూలన కూర్చుని ఆవులించింది. నానమ్మ "ఊఁ" అంది. రెండు వైపులా కొత్తిమీర పడింది. పదినిమిషాల తర్వాత రెండూ పక్కపక్కన కాళ్లు చాపి పడుకున్నాయి. అమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేస్తూ, "గాయనకు ఫోన్ చేసి రావొద్దని చెప్పుండ్రి" అంది. నేను అమ్మను పట్టుకుని ఏడ్చాను. "చీ, చేతులు కడుక్కో ఫస్టు" అంది అమ్మ.

క్రిస్మస్ మర్నాడు క్వయర్ ఆంటీ, కూతురూ కేకు పట్టుకుని వచ్చారు. ఆ అమ్మాయి చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచి "బన్నూ, బిస్కెట్" అని పిలిస్తే రెండూ ఒకేసారి లేచి నిలబడి కుయ్యోమన్నాయి. బిస్కెట్ చెవి అంచు చూసి, "ఏమైంది అక్కా?" అంది. పంపకాల్లో తగిలిందమ్మా అన్నాను. ఆంటీ ఇల్లంతా పరికించి, "ఎంత నీటుగున్నదమ్మా మీ ఇల్లు" అంది మా అమ్మతో. మా అమ్మ మర్యాదగా నవ్వి, పాత గుడ్డ కనపడకుండా వాడకు అడ్డంగా నిలబడింది.

ఆ అన్నదమ్ములు మా ఇంట్లోనే ఉండిపోయి, ఆ గుడ్డ మీదనే ముసలివాళ్లయ్యారు. బన్ను ముందు పోయింది, బిస్కెట్ ఆ తర్వాత. పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి వెళ్లిపోయింది. నాకు పెళ్లయింది. అత్తగారిల్లు ఎల్బీనగర్‌లో, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో మూడో స్టేషన్. అంత దూరానికి అప్పగింతలప్పుడు నేను ఏడ్చిన ఏడుపు చూసి మా ఆయన భయపడ్డాడు. కొత్త ఇంట్లో అన్నీ కొత్త. దుప్పట్లు కొత్త, అల్మారా కొత్త, అందులో ఏ అర ఎవరిదో తేలక మొదటి వారమే ఇద్దరం గుర్రుమనుకున్నాం. (చివరికి రెండో అల్మారా కొన్నాం. సూత్రం సూత్రమే.) రెండు వారాల తర్వాత అమ్మ దగ్గరికి వెళ్లాను. వెళ్లాక గుర్తొచ్చింది, శుక్రవారమని. గడప తడిగా ఉంది, ఇల్లంతా ఫినాయిలు వాసన, కర్టెన్లు దండెం మీద. నాన్న తువ్వాల కోసం వెతుక్కుంటున్నాడు.

నా మంచం దగ్గరికెళ్తే దాని మీద దుప్పటి నేను వెళ్లిన రోజు ఎలా ముడతలు పడి ఉందో అలాగే ఉంది. దిండు మీద నా జడ నూనె మరక. ఇంత కడిగిన ఇంట్లో అదొక్కటే ముట్టుకోలేదు. "ఇదేందమ్మా, ఉతకలే?" అన్నాను. అమ్మ చీపురు పట్టుకుని, అటు తిరిగే, "నువ్వు పోయిన సంది ఉతకలే. ఒచ్చేసరికి కొత్తగ అనిపిస్తదేమోనని ఉంచిన" అంది. ఏ ప్రాణికి ఏం కావాలో లోకానికంతా చెప్పగలననుకున్న ఆ ఇరవై రెండేళ్ల కౌన్సెలరమ్మ ఒక్కసారి గుర్తొచ్చి నవ్వొచ్చింది. నోరు మూసుకుని వెళ్లి, ఆ దిండు మీద ముఖం పెట్టుకుని, పొద్దు వాలేదాకా హాయిగా నిద్రపోయాను.